అందరి తర్వాత తిన్న మా బాపు

పోయిన నెల ఒక ఉదయం, ఊర్జానగర్‌లోని మా క్వార్టర్‌లో పాపకు బడి డబ్బా సర్దుతుంటే తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, బాపు లేస్తలేడే," అన్నాడు. ఇంకా ఏదో ఆశ ఉన్నట్టే ఉంది ఆ గొంతు. మేం చంద్రపూర్‌లో, తుకుంలోని పుట్టింటికి చేరేసరికి డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. బాపు ముఖం ఎప్పటిలాగే ఉంది, ఎవరి మాటో వింటున్నట్టు.

మా నాన్నను మేం బాపు అనే పిలిచేవాళ్లం. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరికి పెద్ద కాదు, సంఘానికి నాయకుడు కాదు. ఆయన గురించి రాయాలని మూడో రోజు అనిపించింది. ఆ రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. పొద్దున్నే తమ్ముడి భార్య పొయ్యి దగ్గర నిలబడి అడిగింది.

"వదినా, మామకు ఏం ఇష్టముండె? ఏం వండాలె?"

నేను తమ్ముడి వైపు చూశాను. తమ్ముడు అమ్మ వైపు చూశాడు.

"ఏం పెట్టినా తింటుండె," అంది అమ్మ.

ఇంతమందిమి ఉండి ఒక్క కూర పేరు చెప్పలేకపోయాం. ఆయన కంచంలోకి వచ్చేది ఎప్పుడూ మాకు మిగిలినదే. మిగిలినదాన్ని తినే మనిషికి ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? చివరికి అందరూ పెట్టేవే పెట్టాం. కాకి ముట్టింది, చుట్టాలు తృప్తిపడ్డారు. నేను మాత్రం తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

అయితే బాపు మొదటి నుంచీ అందరి తర్వాత తినే మనిషి కాదు. నా చిన్నప్పుడు ఆ ఇంట్లో మొదటి కంచం ఆయనదే.

పెళ్లయిన కొత్తలో మంచిర్యాల వైపు పల్లె నుంచి గని పనికి వచ్చాడు. మరాఠీ మాట్లాడే చంద్రపూర్ బయట, గని క్వార్టర్లలో మాది చివరి గది. షిఫ్టు దిగి, ఒళ్లంతా మసితో వచ్చి, స్నానం చేసి కూర్చుంటే అమ్మ ముందుగా ఆయనకు వడ్డించేది. గుడ్డు ఆయనకు, కూరలో ముక్కలు ఆయనకు, పెరుగు మీది మీగడ ఆయనకు. ఏమైనా మిగిలితే తమ్ముడికి. నాకు అన్నం, దాని మీద పచ్చిపులుసు. అన్నానికి ఏనాడూ లోటు లేదు. నా పొట్ట గుండ్రంగా నిండే ఉండేది. అది అన్యాయమని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు కూడా. భూమి లోపలికి దిగి పైకి వచ్చే మనిషికి బలం కావాలి కదా అనుకునేవాళ్లం. ఆ వరసలో ఏ క్వార్టర్‌లో చూసినా అంతే.

నేను రెండో తరగతి చదువుతున్నప్పుడు సంగతి. పొద్దుగూకితే నాకు అన్నీ మసకమసకగా కనిపించేవి. మనుషులు నీడల్లా, గోడలు మనుషుల్లా ఉండేవి. సాయంత్రమంటే అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆడుకునే పిల్లలు చీకటి పడేదాకా గెంతుతుంటే, వీళ్లకు భయం లేదు కాబోలు అనుకునేదాన్ని.

మా వరస చివర ఉన్న నల్లాకు సాయంత్రమే నీళ్లొచ్చేవి. ఒకరోజు అమ్మకు జ్వరం. బాపు షిఫ్టు నుంచి వచ్చి, స్నానానికి నీళ్లు లేవని నన్ను చిన్న బిందె ఇచ్చి పంపాడు. వెళ్లేటప్పుడు కొంచెం వెలుతురుంది. వచ్చేటప్పుడు లేదు. గడప ముందు మెట్టు ఉందని తెలుసు, ఎంత దూరంలో ఉందో తెలియలేదు. తన్నుకుని పడ్డాను. బిందె దొర్లింది, నీళ్లన్నీ మట్టిలో పోయాయి.

"కండ్లు నెత్తికెక్కినయా? చూసుకుంట నడువరాదా?" అని బాపు ఒక్కటి కొట్టాడు. చెవి వెనక తగిలింది. గనిలో పనిచేసే చెయ్యి. చాలాసేపు చెవిలో గుయ్‌మని మోగింది.

తర్వాత కొన్నాళ్లకు పక్కింటి అత్త మా అమ్మతో అన్నది. "నీ బిడ్డ రాతిరైతే మంచాలకు, గోడలకు కొట్టుకుంటున్నదే. రేచీకటేమో, దవాఖానకు తీస్కపోరాదు." అమ్మకు ఒంట్లో బాగా లేదని బాపే నన్ను సైకిల్ మీద దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్ నా కళ్లను పైకి కిందికి తిప్పించి చూశాడు. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ ఉందని బాపుకు చూపించాడు. తర్వాత నేను ఏమేం తింటానో అడిగాడు. ఇంట్లో గుడ్లు వండుతారా అని అడిగాడు.

"వండుతం సార్," అన్నాడు బాపు.

"మరి ఎవరు తింటారు?"

బాపు నా వైపు చూశాడు. డాక్టర్ నా నోట్లో మందు పోసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, పిల్లకు రోజూ ఏదో ఒక ఆకుకూర నూనె చుక్క వేసి వండి పెట్టమన్నాడు. గుడ్డు, పాలు, బొప్పాయి, గుమ్మడి, ఏది దొరికితే అది. ఆలస్యం చేస్తే చూపే పోయేదని, ఇప్పుడేం భయం లేదని చెప్పాడు. ఇంటికి వస్తూ బాపు సైకిల్ ఎక్కలేదు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి దారంతా నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. నాకు అది సరదాగా అనిపించింది.

కొద్దిరోజుల్లోనే సాయంత్రాలు నాకు కనిపించసాగాయి. క్వార్టర్ల వెనక గట్టు మీద లైట్లు ఒక్కొక్కటే వెలగడం మొదటిసారి చూసి అమ్మను పిలిచి చూపించాను. నా కథ అక్కడితో బాగైపోయింది. బాపు కథ అక్కడ మొదలైంది.

దవాఖానకు వెళ్లొచ్చిన మరునాటి నుంచే ఆయన ముందుగా కంచం ముందు కూర్చోవడం మానేశాడు. అమ్మ పిలిస్తే, "పిల్లలను తిననియ్యి. నేను ఎన్కకు తింట," అనేవాడు. గుడ్డు ముట్టడం పూర్తిగా మానేశాడు. ఎందుకని అడిగితే వేడి చేస్తుందనేవాడు. మేం నమ్మాం. క్వార్టర్ వెనక జానెడు జాగాలో మునగ, బొప్పాయి, పొన్నగంటి కూర వేశాడు. బొగ్గు ఊరు కదా, ఆకుల మీద పొద్దుటికల్లా నల్లటి పొర పేరుకునేది. షిఫ్టు నుంచి వచ్చిన మనిషి తన ముఖం కడుక్కోకముందే ఆకుకూర కడిగేవాడు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండేవాడు. "ఇగ చాలుతియ్యయ్యా, ఆకు అరుగుతది," అని అమ్మ నవ్వేది.

పప్పులో మునగాకు వేస్తే తమ్ముడు ఏరి పక్కన పెట్టేవాడు. బాపు తిట్టేవాడు కాదు. ఆ ఆకు తను తీసి తింటూ, "మస్తుగున్నదిరా" అనేవాడు. నాలుగైదుసార్లు ఆ మాట విన్నాక తమ్ముడు తన ఆకు తనే తిన్నాడు. అన్నం ఎక్కువ పెట్టి కూర తక్కువ వేస్తే బాపుకు నచ్చేది కాదు. "బువ్వ మస్తుగుంటే కడుపు నిండుతది బిడ్డా, కండ్లు నిండయి," అనేవాడు. ఇది నేను ఇప్పటికీ చాలామంది తల్లులకు చెబుతుంటాను. ఎవరు అన్నారంటే మాత్రం చెప్పను.

నాకు పాప పుట్టాక బాపు చేతికి పని దొరికినట్టయింది. నేను ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని. పగలంతా పాప తుకుంలో, అప్పటికే రిటైరైన బాపు దగ్గర. పాప పప్పన్నం తినే వయసుకు వచ్చేసరికి బాపు తన మొత్తం భయాన్ని ఆ చిన్న గిన్నెలో పెట్టాడు. పొద్దున బొప్పాయి, మధ్యాహ్నం క్యారెట్ ఉడికించి మెదిపి, సాయంత్రం గుమ్మడికాయ. నేను రోజూ ఇది వద్దు బాపు అంటే, "కండ్లకు మంచిది," అనేవాడు. ఆ మాటతో నేను గిన్నె మళ్లీ ఆయన చేతికే ఇచ్చేదాన్ని.

ఒకరోజు పాప అరచేతులు, ముక్కు కొన పసుపు రాసినట్టున్నాయి. పచ్చకామెర్లని మేమందరం బెదిరిపోయి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఆమె పాప కళ్లు చూసి, తెల్లగానే ఉన్నాయని చూపించి, ఏం పెడుతున్నారని అడిగింది. విని నవ్వింది. కామెర్లు కావట, క్యారెట్, బొప్పాయి మరీ ఎక్కువై ఒంటికి ఆ రంగు వచ్చిందట, తగ్గిస్తే దానంతట అదే పోతుందట. మంచిదైనా ఒక్కటే అదేపనిగా పెట్టవద్దని, ఇంట్లో వండినవన్నీ కొంచెం కొంచెం మెత్తగా చేసి పెట్టమని చెప్పింది. నేను ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగితే బాపు లేడు. బయట చెప్పులు విడిచేచోట నిలబడి తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

"మళ్ల నా చేతుల మీదనే అయ్యింది చూడు," అన్నాడు.

"ఏం కాలేదు బాపు. డాక్టరమ్మ నవ్వుతున్నది."

"నవ్వుతది. ఆమెకేం ఎరుక."

అప్పుడు నాకు తెలిసింది, ఆయనలో ఆ పాత గాయం ఎంత పచ్చిగా ఉందో. తెలిసినా కదపలేదు. కదిపితే ఏడుస్తాడేమోనని నాకు భయం.

పాపను అంగన్‌వాడీలో వేశాక అక్కడ తల్లుల మీటింగ్ పెట్టారు. ఆ రోజు సెలవు కావడంతో నేనూ వెళ్లాను. పాపను ఎత్తుకుని బాపు కూడా వచ్చాడు. అంతమంది ఆడవాళ్లలో ఆయనొక్కడే మగమనిషి. పిల్లలకు బిస్కెట్లు, కుర్‌కురేలు తగ్గించాలని, చాయ్ తాగించవద్దని అక్కడి టీచరు, అందరూ తాయి అని పిలిచే ఆమె, చెబుతోంది. తల్లులు తల ఊపుతున్నారు. ఉన్నట్టుండి బాపు లేచి నిలబడ్డాడు.

"తుమ్చ్యా ఘరీ ఆధీ కోణ్ జేవ్‌తే?" అని అడిగాడు, తన గని మరాఠీలో. మీ ఇంట్లో ముందు ఎవరు తింటారని.

కొందరు నవ్వారు. ఒకామె పనికి పోయేవాడే కదా ముందు తింటాడు అంది.

"నేను కూడా గట్లనే తిన్న," అని మొదలుపెట్టాడు. ఒక మాట మరాఠీ, ఒక మాట హిందీ, నడుమ తెలుగు. ఇంట్లో తిండి ఉందని, బిడ్డకు మాత్రం చేరలేదని, సాయంత్రమైతే బిడ్డకు కళ్లు కనిపించలేదని, నీళ్లు ఒలకబోసిందని కొట్టానని చెప్పాడు. ఇంట్లో గుడ్డు ఒక్కటే ఉంటే ముందు పిల్లలకు పెట్టండి, ఆడపిల్లకు, మగపిల్లవాడికి సమానంగా కోసి పెట్టండి, మీ మగవాళ్లు కోపం చేసుకుంటే నా దగ్గరికి పంపండి అన్నాడు. ఆ బిడ్డ ఇక్కడే కూర్చుని ఉందని చెప్పలేదు. అయినా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూశాను. అప్పుడు నవ్వినవాళ్లు ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు. ఆ తర్వాత చాలాకాలం మా వీధిలో కొత్తగా తండ్రులైనవాళ్లు బాపును చూసి, "కాకా, బిడ్డకే ముందు పెట్టిన," అని నవ్వుతూ చెప్పి వెళ్లేవారు.

మీటింగ్ నుంచి ఇంటికి వస్తూ బాపు నన్ను అడిగాడు.

"నీకు గా దినం యాదికున్నదా బిడ్డా?"

"ఏ దినం బాపు?"

"గా పొద్దుమూకిన యాళ్ల... నల్లాకాడికి పోయినవ్ గదా."

"లేదు బాపు. చిన్నదాన్ని గదా. ఏం యాదికి లేదు."

బాపు తల ఊపాడు. పాపను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. ఆయన మనసు తేలికపడాలనే అబద్ధం చెప్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను. కానీ ఇల్లు చేరేదాకా ఆయన నాకు రెండడుగులు వెనకే నడిచాడు. ఆ రోజు ఆ దారిలో ఆయనను ఒంటరిగా వదిలేసి నేను ముందుకు నడిచిపోయానని అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

పోయిన ఎండాకాలం పాపతో పుట్టింట్లో ఉన్నాను. మా చంద్రపూర్ ఎండ సంగతి వేరే చెప్పాలా? పొద్దుగూకాక గానీ ఎవరికీ ఆకలి పుట్టదు. పాప ఫోన్ లేనిదే ముద్ద ముట్టదు. అది నేను చేసిన అలవాటే. నేను బడి నుంచి అలసిపోయి వచ్చి, పాప తొందరగా తినేస్తుందని ఫోన్ ముందు పెట్టేదాన్ని. ఆ సాయంత్రం ఫోన్ లాక్కుని, నోరు తెరువమని గట్టిగా అరిచాను. పాప ఏడ్చింది.

"నోట్లె కుక్కకే," అన్నాడు బాపు అరుగు మీది నుంచి. "ఫోను చూసుకుంట తింటే ఏం తిన్నదో దానికే ఎరుక ఉండది. నువ్వు దాని ముంగట కూసోని నీ బువ్వ నువ్వు తిను. ఆకలైతే అదే అడుగుతది."

అలాగే చేశాను. పాప కాసేపు ముక్కు చీదుతూ చూసింది. తర్వాత నా కంచంలోని బెండకాయ ముక్క తీసుకుంది. ఇంకాసేపటికి తన కంచం దగ్గరికి లాక్కుంది. అంతా కాకపోయినా సగం తిన్నది. బాపు ముఖంలో సంతోషం చూసి, పాప ఆడుకోవడానికి వెళ్లాక వెళ్లి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. పాప అప్పటికి రెండో తరగతి, ఆనాటి నా వయసే. అది గుర్తొచ్చిందేమో, నోరు ఆగలేదు.

"బాపు, నేను నీకు అబద్ధం చెప్పిన. నాకు యాదికున్నది. నీళ్లు ఒలికినయి, నువ్వు కొట్టినవ్. ఇక్కడ తాకింది."

చెవి వెనక చూపించాను. కోపం లేదని, ఎప్పుడూ లేదని చెప్పాలని నోరు తెరిచాను. బాపు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నేను అడిగింది దెబ్బ సంగతి గాదు బిడ్డా."

"మరి?"

"కొట్టుడు తప్పే. కాదంటలేను. ఎన్కకు బువ్వకు కూసున్నం సూడు. కరెంటు లేకుండె, దీపం పెట్టినం. నువ్వు కంచంల చెయ్యి పెట్టి దేవులాడుతున్నవ్. అన్నం ఒక దిక్కు, నీ చెయ్యి ఒక దిక్కు. అలిగి నకరాలు చేస్తున్నవనుకున్న. నిన్ను చూసుకుంట నేను గుడ్డు తిన్న. మొత్తం తిన్న."

నాకు అది ఏ కొంచెమూ గుర్తులేదు. నేను దాచుకున్నది దెబ్బను. ఆయన మోస్తున్నది కంచాన్ని.

"నీకు ఎరుకలేకపాయె గదా బాపు," అన్నాను.

"నీ కండ్లకు బీమారుండె. నా కండ్లు మంచిగనే ఉండె గదా," అన్నాడు.

 ఆయన చెయ్యి పట్టుకున్నాను. గోళ్ల మూలల్లో బొగ్గు నలుపు ఇంకా పోలేదు. కాసేపటికి, "దా బాపు, ఇయ్యాల నాతోని కలిసి తిను," అన్నాను. నేను అప్పటికే తిన్నానని ఇద్దరికీ తెలుసు. "పాప మళ్ల ఆకలంటదేమో, ఆగుత," అన్నాడు. ఇంకొక్కసారి అడిగితే వచ్చేవాడేమో. అడగలేదు. సెలవులయ్యాక ఊర్జానగర్ వచ్చేశాను. ఎంతో దూరం లేదు, వారం వారం వెళ్లి వస్తూనే ఉన్నాను. కానీ ఆ మాట మళ్లీ మా మధ్యకు రాలేదు. రావాల్సినంత టైమ్ ఉందనుకున్నాను.

ఇదంతా చదివి మీలో ఎవరైనా బాపును మంచి మనిషి అనుకుంటే నాకు సంతోషమే. కానీ ఇంకొక్క సంగతి రాయకపోతే ఈ స్మృతి సగం అబద్ధమవుతుంది.

కర్మ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం. మరదలు, నేను కలిసి వంట చేశాం. అందరికన్నా ముందు అమ్మకు వడ్డించి, ఆమె ముందు కంచం పెట్టాను.

"మీరు తినుండ్రి. నేను ఎన్కకు తింట," అంది అమ్మ.

"కాదు, నువ్వే ముందు తినాలె."

"మీ బాపు తినకముందు నేనెట్ల తింటనే?" అంది అలవాటుగా. అని, తన మాట తానే విని, ఆగిపోయింది.

మేం తినేదాకా బాపు ఆగేవాడు. బాపు తినేదాకా అమ్మ ఆగేది. నేను కడుపు నిండా తిని బడికి వెళ్లాక, కాలేజీకి వెళ్లాక, అత్తారింటికి వెళ్లాక కూడా ఆ వంటింట్లో చివరి కంచం అమ్మదే. బాపు తనను తాను శిక్షించుకున్న ప్రతి పూటా అమ్మ పూట ఇంకొంచెం వెనక్కి జరిగింది. అది బాపు చూడలేదు. రేచీకటి పోయిన కళ్లతో ఇన్నేళ్లూ నేనూ చూడలేదు.

అమ్మ కంచం తీసుకుని వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. తల వంచుకుని గబగబా తింటోంది. ఎవరో పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఒక మోకాలు ఎత్తి పెట్టుకుని ఉంది. "మెల్లగ తినమ్మా, ఎవరూ పిలువరు," అన్నాను. బయట దూరంగా గూడ్సు బండి పోతోంది. బొగ్గు డబ్బాలు, ఎంతకూ తెగని బండి. అమ్మ నమలడం ఆపింది. కలిపిన ముద్దను వేళ్ల మధ్య అలాగే పట్టుకుని, ఆ చప్పుడు పూర్తిగా వెళ్లిపోయేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.